ఏటి మీద పడవ ఒకటే

అక్కా,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేమిటని బావ నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. ఇక్కడ సిగ్నల్ కావాలంటే రేవు వెనక గుట్ట ఎక్కాలి. ఎక్కేసరికి చెప్పాలనుకున్న మాటంతా ఆయాసంలోనే పోతుంది. ఉత్తరమే నయం.

"ఇంతకీ అక్కడ నువ్వు వెలగబెడుతున్నదేమిటే?" అని అడిగావు. బడిలో పంతులమ్మ ఉద్యోగం మానేసి మరీ చేరిన చదువు కాబట్టి అడిగే హక్కు నీకుంది. ఈసారి బావకి కూడా అర్థమయ్యేలా చెప్తాను. మాది రెండు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే పీజీ. పేరు అంతర్జాతీయ అభివృద్ధి. (నువ్వు "ముందు నీ గది అభివృద్ధి చెయ్యవే" అన్న సంగతి నేను మరిచిపోలేదు.) మొదటి ఏడాది ఒక విశ్వవిద్యాలయంలో, చివరి ఆరు నెలలు వేరే దేశంలో ఉన్న రెండోదాంట్లో, నడుమ అయిదు నెలలు క్షేత్ర శిక్షణ. పేదరికం గురించీ నీళ్ళ గురించీ దారుల గురించీ తరగతిలో చదివినదంతా తీసి పక్కన పెట్టి, మనుషుల మధ్య కూర్చుని వినాలి. ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి ఒకరు చొప్పున జంటలుగా పంపిస్తారు. నా వంతుకి ఒక ఇంజనీరు వచ్చాడు. మంచివాడే, కానీ కంటబడ్డదల్లా కొలుస్తాడు. మొన్న మేముంటున్న ఇంటి గడప కొలిచాడు. ఎందుకయ్యా అంటే "తెలిసి ఉంటే మంచిదే కదా" అన్నాడు.

ఊరు ఏటికి ఇవతల ఉంది. బడీ ఆసుపత్రీ అవతల. నడుమ ఒక్క పడవ. ఇక్కడ కాలినడక వంతెన కట్టాలని ఒక సంస్థ అనుకుంటోంది. ఎంతమంది దాటుతారు, ఏ వేళకి దాటుతారు, ఇప్పుడు దాటే తీరు ఎంతవరకు క్షేమం, ఇవన్నీ తేల్చి మేం నివేదిక రాయాలి. వంతెనకీ మా మార్కులకీ అదే ఆధారం.

ఆ పడవ నడిపే మనిషి గురించి నీకు చెప్పకపోతే నాకు తోచదు. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి రేవు పెద్దమ్మ అంటారు. యాభై దాటి ఉంటాయి. మొగుడు పోయిన పదకొండో రోజు తెడ్డు పట్టుకుందట, పంతొమ్మిదేళ్ళయింది, ఇంతవరకు దింపలేదు. ఆవిడ పడవలో ఆవిడ చట్టమే చెల్లుతుంది. నెలలు నిండినవాళ్ళు నడుమ కూర్చోవాలి. సైకిళ్ళు వెనక. పోట్లాడుకున్నవాళ్ళు చెరో చివర. మొన్న ఒక మొగుడూ పెళ్ళాలని అలాగే చెరో చివర కూర్చోబెట్టింది. అవతలి ఒడ్డు చేరేలోపు ఇద్దరూ నవ్వేశారు.

మొదటి రోజు ఆవిడ చేత సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకోవాల్సి వచ్చింది. ఎవరినైనా ప్రశ్నలు అడిగే ముందు అది తప్పనిసరి. "మీకు ఇష్టం లేని ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు. మీ పేరు ఎక్కడా రాయం" అని చదివి వినిపించాను. ఆవిడ నవ్వింది.

"నా పేరు ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదమ్మా. రాసినా ఇంకెవరో అనుకుంటారు."

అక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆ రోజు నుంచి నన్ను చదువులమ్మ అంటుంది. మధ్యాహ్నం పడవకి పని లేని గంటలో ఆవిడ గది ముందు కూర్చుని టీ తాగుతాం. ఒక గది, ఒక పొయ్యి, గోడకి ఆనించిన పాత పడవ గడ, రెండు గాజు గ్లాసులు. రెండో గ్లాసు ఇన్నాళ్ళూ ఎవరిదో నేను అడగలేదు. ఇప్పుడది నాదే.

నిన్న ఒక మాట చెప్పింది. టీ వడకడుతూ ఒక కన్ను మూసి, తెరిచి, "ఈ కంట్లో మసకే చదువులమ్మా. రెండేళ్ళయింది. ముందు అంచులు పోయాయి. ఇప్పుడు నడిమధ్య కిటికీలోంచి చూసినట్టుంటుంది" అంది. నేను వంగి ఆ కంట్లోకి చూస్తుంటే, "ఎవరితోనూ అనకు" అంది.

"అననులే పెద్దమ్మా" అన్నాను.

నీతో అంటున్నాను. నువ్వు నర్సువి, పైగా బోలెడు దూరంలో ఉన్నావు కాబట్టి మాట తప్పినట్టు కాదని నాకు నేనే చెప్పుకున్నాను. ఏమై ఉంటుంది అక్కా? రాయి. పిల్లలకి ముద్దులు. బావ నవ్వుకి నా నమస్కారాలు.

నీ చెల్లెలు,
బుల్లి


అక్కా,

నాలుగు నెలలు ఉత్తరం లేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా అంటావు. ఫోన్‌లో నేను నీకు వాతావరణం గురించి చెప్పాను, ఈ రెండో విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో కిటికీ మూసుకోదని చెప్పాను. నా నివేదిక మొదటి స్థానంలో వచ్చిందని చెప్తే నువ్వు ఆసుపత్రిలో అందరికీ మిఠాయి పంచావు. ఆ మిఠాయి మాట విన్న రోజు నుంచి నీకీ ఉత్తరం రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఈ రోజు ఆదివారం. పొద్దున్నే తలుపు వేసుకుని కూర్చున్నాను. పూర్తి చేశాకే లేస్తాను.

పెద్దమ్మ కంటి గురించి నువ్వు వెంటనే జవాబు రాశావు. అది కంటిలోపల ఒత్తిడి పెరగడం కావచ్చు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించు అన్నావు. "ఆలస్యం" కింద రెండు గీతలు కూడా గీశావు. నేను చూపించలేదు అక్కా. అడిగాను, ఒక్కసారి. "పట్నం వెళ్ళి రావాలంటే రెండు రోజులు. పిల్లల్ని ఎవరు దాటిస్తారు? ఈ వానలు వెళ్ళనీ" అంది. సరేనన్నాను. నేను ఇంకోసారి అడిగి ఉంటే, చెయ్యి పట్టుకుని బస్సెక్కించి ఉంటే వచ్చేదేమో. కానీ అప్పటికి నేను ఇంకా అరవై ఇళ్ళు తిరగాల్సి ఉంది. ఒక మనిషి కన్ను కంటే నాకు అరవై ఫారాలు ఎక్కువయ్యాయి.

తరవాత ఒక పొద్దున, బడి వేళకి, పడవకి దుంగ తగిలింది. వరదకి కొట్టుకొచ్చిన దుంగ. ఒడ్డున నిలబడి మనుషుల్ని లెక్కపెడుతున్న నాకు అది చాలా దూరం నుంచే కనిపించింది. ఆవిడకి కనిపించలేదు. పడవ ఒరిగింది. ఒక పాప పుస్తకాల సంచీ నీళ్ళలో పడిపోయింది, పాప పడలేదు. పెద్దమ్మ ఒక చేత్తో ఆ పిల్ల జడ పట్టుకుని, రెండో చేత్తో తెడ్డు వేసి పడవని నిలబెట్టింది. పిల్లలు అదో ఆటలా అరిచి నవ్వారు. ఆవిడ ఇవతలికి తిరిగొచ్చాక గట్టు మీద చాలాసేపు కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆ రోజే చెప్పి ఉండాల్సింది. "పెద్దమ్మా, ఇక పడవ ఆపేద్దాం" అని. నాలుగు మాటలు. నోరు రాలేదు.

నోటికి రానిది చేతికి వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. ఆ వారం గుట్ట ఎక్కి మా గైడ్ మేడంకి ఫోన్ చేశాను. నా చిత్తుప్రతి చదివిందావిడ. "అంకెలు బాగున్నాయి. కానీ ఇదంతా ఎవరైనా రాయగలరు. నువ్వు కొత్తగా కనుక్కున్నదేమిటి?" అంది. గుట్ట దిగుతూ అదే మాట నెమరేసుకున్నాను. మధ్యాహ్నం వేళ, పెద్దమ్మ టీకి ఎదురుచూస్తూ ఉంటుందని తెలిసి కూడా వెళ్ళకుండా, కూర్చుని ఒక వాక్యం చేర్చాను. "పడవ నడిపే వ్యక్తికి కుడికంటి చూపు దాదాపు పోయింది. ఈ విషయం ప్రయాణికులకు తెలియదు."

పిల్లల క్షేమం కోసం రాశాను అనుకున్నాను. అదీ నిజమే, అబద్ధం కాదు. కానీ అక్కా, ఆ వాక్యం రాసి పెన్ను మూస్తున్నప్పుడు నాలో ఒక సంతోషం కలిగింది. ఇది ఎవరైనా రాయగలిగేది కాదు, నాకు మాత్రమే తెలిసినది, అనే సంతోషం. రోగి చెప్పిన మాట వార్డు దాటి బయటికి పోనివ్వవు నువ్వు. నేను మాత్రం చెవిలో చెప్పిన మాటని మార్కుల కోసం వాడుకున్నాను.

ఇంజనీరు చదివాడు. నివేదిక కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి. కనబడ్డదల్లా కొలిచే మనిషి, ఆ రోజు టేపు బల్ల మీద పెట్టేసి, "ఆవిణ్ణి అడిగావా?" అన్నాడు.

"పేరు రాయలేదుగా" అన్నాను.

"పేరు రాయకపోతేనేం? ఏటి మీద పడవ ఒకటే కదా."

నేను పెన్ను అతని వైపు జరిపాను. అతను ఇంకోసారి చదివి సంతకం పెట్టాడు. దానికి అతన్ని ఏమీ అనలేను.

మూడు వారాలకి సంస్థ అధికారి వచ్చాడు. ఊరి గోదాం వరండాలో అందరినీ కూర్చోబెట్టి, వంతెన మంజూరైందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా పెద్దమ్మే కొట్టింది. తరవాత అతను మా నివేదిక తీసి, వంతెన అయ్యేవరకు మోటారు పడవ ఎందుకు పెడుతున్నారో వివరిస్తూ ఆ వాక్యం పైకి చదివాడు. పాపం, అతనికేం తెలుసు. పిల్లని చంకనేసుకున్న ఒకామె నెమ్మదిగా, "అయ్యో, ఇన్నాళ్ళూ గుడ్డి పడవెక్కామా!" అంది.

పెద్దమ్మ ఆమె వైపు చూడలేదు. అధికారి వైపు కూడా చూడలేదు. తల తిప్పి నన్ను వెతుక్కుంది. ఒక్క క్షణం పట్టింది, నేను ఎక్కడున్నానో కనిపెట్టడానికి. కనిపెట్టాక చూపు దించుకుంది.

సాయంత్రం గదికి వెళ్ళాను. పొయ్యి వెలుగుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే ఆవిడ లేచి పీట వాల్చింది.

"కూర్చోండి అమ్మగారూ. టీ తాగుతారా?"

అయిదు నెలల్లో నన్ను "మీరు" అనడం అదే మొదటిసారి. తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. ఆ "మీరు"కి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. టీ ఇచ్చింది, తాగాను. మర్నాడు అధికారి మనుషులు పడవని ఒడ్డు మీదికి లాగి, గొలుసు వేసి, తాళం పెట్టారు. ఆ వారంలోనే ఆవిడ గది ఖాళీ చేసి, పట్నంలో చెల్లెలి ఇంటి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తున్నట్టు నాకు చెప్పలేదు. చెప్పకుండా చెయ్యడం నా దగ్గరే నేర్చుకుంది కాబోలు.

ఇదీ నువ్వు మిఠాయి పంచిన మొదటి స్థానం. మా మేడం ఆ వాక్యం కిందే పచ్చసిరాతో "అద్భుతం" అని రాసింది. వచ్చే నెల రెండు విశ్వవిద్యాలయాల అధ్యాపకుల ముందు, కొత్తగా చేరిన విద్యార్థుల ముందు ఆ నివేదిక చదివి వినిపించమన్నారు. నేను చదవను. కోర్సు మానేస్తున్నట్టు అర్జీ రాసి పెట్టాను, శుక్రవారం ఇచ్చేస్తాను. బడిలో మళ్ళీ తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. కనీసం పాఠాలు చెప్పేటప్పుడు నేనెవరి రహస్యాలూ అమ్ముకోలేదు.

ఊరు వదిలే ముందు అక్కడి కిరాణా కొట్టాయన దగ్గర చిరునామా సంపాదించాను. పెద్దమ్మకి కూడా ఉత్తరం రాశాను. జరిగిందంతా రాశాను, ఆ సంతోషం సంగతి కూడా దాచలేదు. చదువు మానేస్తున్నానని రాశాను. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. నువ్వు మాత్రం నన్ను ఓదార్చకు అక్కా. నీ గొంతు వింటే నేను నన్ను క్షమించేసుకుంటాను. కొన్నాళ్ళు ఫోన్ చెయ్యకు.

నీ
బుల్లి


చదువులమ్మకి,

రేవు పెద్దమ్మ చెప్తుంటే ఎదురింటి టైలరమ్మ రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. అందంగా మార్చబోతే ఊరుకోనని కూడా చెప్పాను. ఆ మాట కూడా రాసేసింది చూడు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండుసార్లు చదివించుకున్నాను. టైలరమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. ఎందుకంటే అందులో సగం తప్పులు.

మొదటిది, నాకు పోయింది కుడి కన్ను కాదే. ఎడమ కన్ను. ఎదురుగా కూర్చున్నావు కదా, నీ కుడివైపు ఉన్నది నా కుడి అనుకున్నావు. దుంగ వచ్చింది కూడా ఎడమ పక్క నుంచే. అంత పెద్ద చదువు చదివి, నా పరువు తీసేటప్పుడైనా ఏ కన్నో సరిగ్గా చూసుకోవద్దా?

రెండోది, నీ వాక్యం వల్ల నా పడవ పోయిందన్నావు. పడవ ఎప్పుడో పోయింది. దుంగ తగిలిన రోజే పోయింది. ఆ పిల్ల జడ నా చేతికి అందింది చూశావు, అది నా కన్ను చూసి అందుకోలేదు. చెయ్యి గాల్లో వేస్తే తగిలింది. తగలకపోతే? ఆ రోజు గట్టు మీద కూర్చుని ఇక చాలనుకున్నాను. సోమవారం ఆపేద్దామనుకున్నా. ఆ సోమవారం కాదు, ఇంకో సోమవారం అనుకున్నా. పంతొమ్మిదేళ్ళ అలవాటు, పొద్దున్నే కాళ్ళు వాటంతటవే రేవుకి వెళ్ళిపోతాయి. పడవ లేకపోతే నన్ను పెద్దమ్మ అని ఎవరు పిలుస్తారు?

కంటి సంగతి నీతోనే ఎందుకు చెప్పాననుకున్నావు? ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, ఎవరితోనైనా చెప్పొచ్చు. నీతో చెప్తే, నువ్వు చదువుకున్నదానివి, "ఆపెయ్ పెద్దమ్మా" అంటావని చెప్పాను. నాకు నేను చెప్పుకోలేని మాట ఇంకొకరి నోట వినాలని. నువ్వు "అననులే" అని టీ తాగి వెళ్ళిపోయావు. దుంగ తగిలాక కూడా పక్కన కూర్చున్నావు, అప్పుడైనా అంటావని చూశాను. అనలేదు. నాతో అనకుండా కాగితంతో అన్నావు. అక్కడ కాలింది నాకు. పిల్లలు మోటారు పడవలో చల్లగా దాటుతున్నారట. అది మంచిదే. అక్కడ నీ మీద కోపం లేదు.

కోపం ఇంకో చోట ఉంది, చెప్తాను విను. నువ్వు నాతో ఒక్క మాట అని ఉంటే, ఆ సాయంత్రమే పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఇదే ఆఖరి పడవ అని చెప్పి, ఒక రౌండు ఊరికే తిప్పి, నా చేత్తో నేను కట్టేసేదాన్ని. రోజూ తాడు విప్పిన చెయ్యే చివరిసారి ముడి వెయ్యాలి కదా. వాళ్ళు గొలుసు వేసి తాళం పెట్టారు. పడవకి తాళమేమిటే? అదేమన్నా నడిచి వెళ్ళిపోతుందా? ఆ ముడి నాకు లేకుండా పోయింది. అది మళ్ళీ రాదు. దానికి నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. ఒకరోజు క్షమించినట్టు ఉంటుంది, ఇంకోరోజు ఉండదు.

చదువు మానేస్తానని రాశావు. మానేస్తే నా కన్ను వస్తుందా? నా పరువు పోయింది, నీ చదువు పోతుంది, ఇద్దరం పోగొట్టుకుని కూర్చుందామా? అలాంటి సమానత్వం నాకక్కర్లేదు. వెళ్ళు. ఆ పెద్దల ముందు నిలబడి చదువు. అంకెలన్నీ చదువు. నా వాక్యం వచ్చినప్పుడు ఆగి, ఎడమ కన్ను అని దిద్ది, "ఇది ఆవిణ్ణి అడగకుండా రాశాను, రాసే ముందు చెప్పి ఉంటే ఆవిడే పడవ ఆపేసేది" అని అది కూడా చదువు. అక్కడ రేపు ఊళ్ళ మీదికి రాబోయే పిల్లలు కూర్చుని ఉంటారట కదా. వాళ్ళు వినాలి. వాళ్ళు వినకపోతే నా పరువు ఊరికే పోయినట్టు. మార్కులు తగ్గిస్తే తగ్గించుకోనీ.

ఇక్కడ చెల్లెలు నన్ను పెద్ద డాక్టరుకి చూపించింది. ఎడమది అయిపోయిందట. కుడి కంటికి కూడా అదే పట్టిందట, ఇప్పుడిప్పుడే. చుక్కల మందు ఇచ్చాడు, రోజుకి రెండు పూటలు. ఎన్నాళ్ళు నిలుస్తుందంటే చెప్పలేమన్నాడు. మీ అక్క నర్సు కదా, ఆవిణ్ణి అడిగి రాయి, ఈ మందు మానకుండా వేసుకుంటే ఎన్నాళ్ళు ఉంటుందో. నిజమే రాయమను. నాకు అబద్ధం అక్కర్లేదు.

పొద్దున్నే ఇంకా మెలకువ వస్తోంది. లేచి కాసేపు మంచం మీదే కూర్చుంటున్నాను. ఇక్కడ ఏరు లేదు, రోడ్డే. బస్సులు తిరుగుతాయి. చెల్లెలి ఇంట్లో వాళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా ఎవరినో అనుకుంటున్నాను.

జవాబు రాయి. టైలరమ్మకి ఎప్పుడూ తీరికుండదు, ఈసారి నేనే కూడబలుక్కుని చదువుకుంటాను. పెద్ద పెద్ద అక్షరాలతో రాయి. దూరం దూరంగా రాయి. కాగితం ఎక్కువైనా పరవాలేదు, కనిపించినన్నాళ్ళు చదువుకుంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ